తప్పు పట్టేదెవరు?

జపనీస్ నేర్చుకోవాలనుకున్న తెలుగువాడికి ఇవాళ సరంజామాకు లోటు లేదు. 'మిన్నా నో నిహోంగో', 'గెంకి' లాంటి పాఠ్యపుస్తకాలున్నాయి, అక్షరాలు దిద్దించే యాప్‌లు ఫోన్లోనే ఉన్నాయి, వినడానికి వార్తలూ సినిమాలూ కావలసినన్ని. లేనిదల్లా పక్కన కూర్చుని "అలా కాదు, ఇలా" అనే మనిషి. ఆ మనిషి లేకుండా భాష వస్తుందా అన్నది ఫీజులూ తీరికా చూసుకుని తేల్చుకునే మామూలు వ్యవహారంలా కనిపిస్తుంది. దాని అడుగున మాత్రం మన తార్కికులు చాలాకాలం పట్టుకుని నలిపిన చిక్కు ఒకటుంది. ఏ కర్తా తన క్రియకు తానే కర్మ కాలేడని వాళ్ళ నియమం. దాన్ని స్వాత్మని క్రియావిరోధం అన్నారు. ఎంత తర్ఫీదు పొందిన నటుడైనా తన భుజం మీద తానే ఎక్కి నిలబడలేడన్నది దానికి వాళ్ళిచ్చే ఉదాహరణ. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకడే అన్నప్పుడు మనం ఆ నటుణ్ణే ఊహించుకుంటున్నాం. పాఠం చెప్పేవాడు లేకపోవడం నిజానికి పెద్ద లోటేమీ కాదు, చెప్పడానికి పుస్తకం ఉంది. చిక్కంతా తప్పు దగ్గర ఉంది. నేను చేసింది తప్పని నాకు తెలియాలంటే ఒప్పేదో ముందే తెలిసుండాలి. ఒప్పు తెలిసుంటే ఆ తప్పు చేసేవాణ్ణే కాదు.

ఇక్కడ ఎవరికైనా ఏకలవ్యుడు గుర్తుకొస్తాడు. ఆ కథ మన ప్రశ్నకు సగమే పనికొస్తుంది. విలుకాడికి గురి ఉంది. బాణం తగిలిందో లేదో చెప్పడానికి ద్రోణుడు అక్కర్లేదు, మట్టి బొమ్మా అక్కర్లేదు, ఎదురుగా ఉన్న చెట్టే చెబుతుంది. భాషకు అలాంటి చెట్టు లేదు. అందులో ఒప్పు అంటే దాన్ని మాట్లాడే జనం మధ్య ఉన్న వాడుక. అది కంటికి కనబడేది కాదు, గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి చేతికందేదీ కాదు. తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ పోయాక 1953లో అచ్చయిన పుస్తకం లేవనెత్తిన అనుమానం ఇలాంటిదే. నియమాన్ని పాటిస్తున్నాననుకోవడం వేరు, నిజంగా పాటించడం వేరు. పూర్తిగా ఒంటరివాడికి ఈ రెంటికీ మధ్య తేడా చూపించేది ఏదీ మిగలదు. కాబట్టి గురువు అవసరమని వాదించేవాళ్ళు కేవలం సంప్రదాయాభిమానంతో మాట్లాడుతున్నారని కొట్టిపారేయడానికి లేదు. వాళ్ళ పక్షం బలమైనది. అయినా భాష విషయంలో అది నిలవదని నా నమ్మకం. గురువు పనుల్లో అసలైనది తప్పు పట్టడమే అని ఒప్పుకుంటూనే, ఆ పని చేయడానికి మనిషే కావాలన్న నియమం లేదని, చాలామేరకు వాక్యాలే ఆ పని చేస్తాయని చూపవచ్చు. ఎక్కడ చేయలేవో కూడా చెప్పుకోవాలి.

మనవాళ్ళు ఈ ప్రశ్నను భాష దగ్గరే నేరుగా వేసుకున్నారు. మాటకూ అర్థానికీ ఉన్న సంబంధాన్ని శక్తి అన్నారు. ఆ శక్తి మనసుకు ఏయే దారుల్లో అందుతుందో లెక్కపెట్టారు. పదిహేడో శతాబ్దంలో విశ్వనాథ పంచాననుడు రాసిన న్యాయసిద్ధాంతముక్తావళిలో కనిపించే జాబితా ప్రకారం ఆ దారులు ఎనిమిది: వ్యాకరణం, ఉపమానం, నిఘంటువు, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కన ఉండటం. ఇందులో గురువుకు వేసిన పీట ఒక్కటే, ఆప్తవాక్యం. వ్యాకరణం, నిఘంటువు, వివరణ పుస్తకంలో దొరుకుతాయి. మిగిలిన నాలుగూ నేర్చుకునేవాడి కంటికీ బుర్రకీ వదిలేసినవి. వాటిలో వ్యవహారమే అన్నిటికన్నా ముందుదని చాలామంది ఒప్పుకుంటారు. దానికి శాస్త్రాల్లో చెప్పే సన్నివేశం ప్రసిద్ధమైనది. ఒక పెద్దాయన ఇంకొకరితో "ఆవును తీసుకురా" అంటాడు. ఆయన వెళ్ళి ఒక పశువును తోలుకొస్తాడు. కాసేపటికి "ఆవును కట్టెయ్" అంటాడు, ఆ తర్వాత "గుర్రాన్ని తీసుకురా" అంటాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడు ఏ మాట మారితే ఏది మారిందో, ఏ మాట అలాగే ఉంటే ఏది అలాగే ఉందో చూసుకుంటాడు. ఒక మాటను పెట్టి చూడటం, తీసి చూడటం. దీన్నే ఆవాపోద్వాపాలన్నారు. ఈ సన్నివేశంలో తేలిగ్గా జారిపోయే విషయం ఒకటుంది. పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పడం లేదు. పెద్దాయన మాట వాడిని ఉద్దేశించింది కాదు, వాడు అక్కడ మూడోవాడు. నేర్పేవాడే లేనప్పుడు నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకడే ఎలా అయ్యాడన్న ప్రశ్న పుట్టదు. నటుడి భుజం ఉదాహరణ ఇక్కడికి వర్తించదు.

పిల్లవాడి ముందు ఆవు ఉంది కదా, గుంటూరులోనో వరంగల్లులోనో పుస్తకం ముందేసుకున్నవాడికి ఏముందని అడగవచ్చు. దీనికి జవాబు జపాన్ చరిత్రలోనే ఉంది, అయితే తలకిందులుగా. అక్కడ విదేశీ భాష నేర్చుకున్నది జపాన్‌వాళ్ళు. 1771లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, సుగితా గెంపకు, మాఎనో ర్యోతకు అనే ఇద్దరు వైద్యులు కొత్సుగహరా వధ్యస్థలానికి వెళ్ళారు. అక్కడ శవాన్ని కోసి చూపిస్తున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పుస్తకం ఉంది, కుల్ముస్ అనే జర్మన్ వైద్యుడి శరీరశాస్త్ర గ్రంథానికి డచ్ అనువాదం. కోసినచోట కనిపించినవి తాము నమ్ముకున్న చైనా వైద్యగ్రంథాలతో కలవలేదు. డచ్ పుస్తకంలో బొమ్మలతో అచ్చుగుద్దినట్టు కలిశాయి. మర్నాడే ర్యోతకు ఇంట్లో చేరి ఆ పుస్తకాన్ని అనువదించడం మొదలుపెట్టారు. గెంపకుకు అప్పటికి డచ్ అక్షరాలు కూడా రావు. ర్యోతకు నాగసాకి వెళ్ళి కొన్ని వందల మాటలు పోగుచేసుకుని వచ్చాడు. డచ్ మాటకు జపనీస్ అర్థం చెప్పే నిఘంటువు వాళ్ళ దగ్గర లేదు, పిలిస్తే వచ్చి చెప్పే గురువూ లేడు.

అంతకు కొన్నేళ్ళ ముందే వాళ్ళను ఒకాయన హెచ్చరించాడు. నిషి జెన్‌జబురో అనే ఆయన వంశపారంపర్యంగా డచ్ వర్తకులకు దుబాసీ పని చేసే కుటుంబంవాడు. ఆయన చెప్పింది అనుభవం మీద చెప్పింది, తర్కం ఉన్నది కూడా. నీళ్ళు తాగడం అన్న మాట కావాలంటే గిన్నె ఎత్తి తాగినట్టు చేసి చూపించి అడగొచ్చు. తాగడమంటే ఇష్టం అన్న మాట కావాలంటే ఏం చేసి చూపిస్తారు? సైగలతో దొరికే భాష కొంతే, మిగతాది డచ్‌వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరిగినా దుర్లభం, కాబట్టి ఈ ఆశ వదులుకోండి అన్నాడు. గెంపకు ఆ మాటకు లొంగిపోయాడు కూడా. ర్యోతకు లొంగలేదు. నిషి వాదంలో పొరపాటు ఎక్కడుందో ఎనిమిది దారుల జాబితా పక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. వేలు పెట్టి చూపడం ఒక్కటే దారి అనుకుంటే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇష్టాన్ని వేలు పెట్టి చూపలేం. కానీ మాటలు ఒక్కొక్కటిగా విడిగా నిలబడి ఉండవు, వాక్యాల్లో పక్కపక్కన ఉంటాయి. తెలియని మాటకు అటూ ఇటూ ఉన్న తెలిసిన మాటలు దాన్ని ఒక మూలకు తోసుకొస్తాయి.

ఎనభై దాటాక 1815లో రాసిన జ్ఞాపకాల్లో గెంపకు ఒక ఉదాహరణ చెప్పాడు. ముక్కు గురించిన వాక్యంలో వాళ్ళకో మాట తగిలింది, జపనీస్ నాలుకపై అది 'ఫురుహెహ్హెందో'. ర్యోతకు తెచ్చుకున్న చిన్న పుస్తకంలో ఆ మాటే మరో రెండుచోట్ల ఉంది. కొమ్మ నరికితే ఆ చోటు అలా అవుతుందని ఒకటి, తోట ఊడిస్తే దుమ్మూ మట్టీ చేరి అలా అవుతాయని ఇంకొకటి. చాలాసేపు తల పట్టుకున్నారు. నరికిన కొమ్మ మానినచోట బొడిపె లేస్తుంది. ఊడ్చిన మట్టి కుప్పగా లేస్తుంది. ముక్కు ముఖం మధ్యలో ఎత్తుగా లేచి ఉంటుంది. ఆ మాటకు ఎత్తుగా లేవడం అనే అర్థం అలా దొరికింది. తర్వాతి పరిశోధకులు వెతికితే ఆ గ్రంథంలో ముక్కు దగ్గర ఆ మాటే లేదు. నలభై ఏళ్ళు గడిచాక ముసలాయన జ్ఞాపకం ఎక్కడిదో ఎక్కడో అతికించి ఉంటుంది. దానివల్ల పద్ధతికి వచ్చిన లోటేమీ లేదు. వాక్యశేషం, తెలిసిన పదం సాన్నిధ్యం అని మన తార్కికులు చెప్పినవి ఇంతకన్నా విడమరిచి చూపించడం కష్టం.

ఇంతకన్నా ముఖ్యమైనది వాళ్ళు పెట్టుకున్న ఒక గుర్తు. ఎంత తన్నుకున్నా అర్థం కాని మాట ఎదురైతే వలయం గీసి అందులో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెట్టి ముందుకు సాగేవారు. మొదట్లో పేజీ నిండా అవే గుర్తులు. నెలకు ఆరేడుసార్లు కలుస్తూ ఏడాది గడిపేసరికి మాటలు చేరాయి, సులువైనచోట రోజుకు పది పంక్తుల దాకా నడిచేది. గెంపకు పదకొండుసార్లు తిరగరాశాడు. 1774లో 'కైతాయ్ షిన్షో' అచ్చయింది. ఇవాళ జపాన్‌లో నరానికి వాడే 'షిన్‌కెయ్' అనే మాట అందులో పుట్టిందే. తప్పు తెలియాలంటే ఒప్పు ముందే తెలియాలి కదా అన్న మొదటి చిక్కుకు ఆ గుర్తే జవాబు. ఏది ఒప్పో వాళ్ళకు తెలియదు. తమకు ఎక్కడ తెలియదో మాత్రం తెలుసు. ఈ రెండు తెలివిడులూ వేరువేరు. రెండోది ఉంటే చాలు, మొదటిది మెల్లిగా అయినా వస్తుంది. ఆ చోట ఊహతో ఏదో ఒకటి పూడ్చేసి గుర్తు పెట్టకుండా పోయినవాడికి ఏ ద్రోణుడూ ఉపయోగపడడు.

ఆ పుస్తకం నిండా తప్పులున్నాయి కదా అని ఆక్షేపించవచ్చు. ఉన్నాయి. అనువాదకుల్లో అందరికన్నా డచ్ ఎక్కువ తెలిసిన ర్యోతకు పేరే పుస్తకం మీద లేదు. అరకొరగా ఉన్న అనువాదానికి తన పేరు పెట్టడం ఆయనకు ఇష్టం లేదని కొందరు, పేరు కోసం చదవనని దజైఫులో తెంజిన్ దేవుడికి మొక్కుకున్నాడని కొందరు అంటారు. గెంపకే తన శిష్యుడు ఓత్సుకి గెంతకును పిలిచి దీన్ని సరిచేయమన్నాడు. ఆ సవరణ 1798కి పూర్తయి 1826లో అచ్చయింది, గెంపకు పోయిన తొమ్మిదేళ్ళకు. గెంతకు నాగసాకి దాకా వెళ్ళి దుబాసీల దగ్గర చదువుకున్నాడు కూడా. అంటే గురువులు మళ్ళీ వచ్చారు. వచ్చిన క్రమం చూడాలి. మొదట గురువు లేకుండా తప్పులతో చదివారు, ఆ తప్పుల చదువు వల్లే ఏం అడగాలో తెలిసింది, అడగడానికి తర్వాతి తరం వెళ్ళింది.

ఇప్పుడు ఇవాళ్టి ఆరంభకుడి బల్ల దగ్గరికి వద్దాం. మొదటి పాఠాల్లోనే 'తనకా-సాన్ వ తోషోకాన్ ని ఇమాసు' అనే వాక్యం వస్తుంది. తనకాగారు లైబ్రరీలో ఉన్నారు అని అర్థం. తెలుగువాడు వెంటనే 'ని' అంటే 'లో' అని రాసుకుంటాడు. చక్కగా సరిపోయింది, మనసులో ఏ అనుమానమూ లేదు. తర్వాత 'తోషోకాన్ దె హోన్ ఓ యోమిమాసు' అని వస్తుంది. లైబ్రరీలో పుస్తకం చదువుతారు. ఇక్కడా తెలుగులో 'లో'నే, జపనీస్‌లో మాత్రం 'దె'. ఎవరూ అతని తప్పు పట్టలేదు, రెండో వాక్యం మొదటి వాక్యంతో పేచీ పెట్టుకుంది. స్థలం మారలేదు, క్రియ మారింది. కాబట్టి ఉండటానికి 'ని', పని చేయడానికి 'దె' అని సవరించుకుంటాడు. కొన్నాళ్ళకు క్యోతోలో కాపురం ఉంటున్నారన్న వాక్యంలో 'ని' కనిపిస్తుంది. సరే, కాపురం ఉండటం కూడా ఉండటమే. ఆపైన 'క్యోతో దె మత్సురి గ అరిమాసు' అని ఎదురవుతుంది. క్యోతోలో ఉత్సవం ఉంది. ఉండటమే కదా, మరి 'దె' ఎందుకొచ్చింది? ఉత్సవం వస్తువులా ఒకచోట పడి ఉండదు, జరుగుతుంది. నియమం మళ్ళీ మారింది, ఈసారి లోతుగా. తెలుగులో 'ఉంది' అన్న ఒక్క మాట కింద రెండు వేరు విషయాలు దాక్కున్నాయని కూడా దారిలో తెలిసింది. పెట్టి చూడటం, తీసి చూడటం అంటే ఇదే. ఆవూ గుర్రమూ ఉన్నచోట లైబ్రరీ, ఉత్సవం ఉన్నాయి.

ప్రామాణ్యం గురించి మన దర్శనాల మధ్య నడిచిన పెద్ద తగువు ఇక్కడ అక్కరకొస్తుంది. కలిగిన జ్ఞానం స్వతహాగానే ప్రమాణం, దాన్ని కొట్టేసే జ్ఞానం వచ్చేదాకా నమ్మవచ్చు అన్నారు మీమాంసకులు. కాదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తేనే అది ప్రమాణమని తెలుస్తుంది అన్నారు నైయాయికులు. ఆరంభకుడికి రెండు బుద్ధులూ కావాలి. మొదటి అర్థాన్ని నమ్మేటప్పుడు మీమాంసకుడిలా ఉండకపోతే రెండో వాక్యానికే చేరడు, ప్రతి మాట దగ్గరా ఆగిపోతాడు. నాలుగో వాక్యం చదివేటప్పుడు నైయాయికుడిలా ఉండకపోతే బాధకజ్ఞానం కళ్ళముందే వచ్చి వెళ్ళినా గుర్తుపట్టడు. విట్‌గెన్‌స్టైన్ అనుమానానికీ ఇక్కడే జవాబుంది. గదిలో ఒంటరితనం వేరు, నియమంలో ఒంటరితనం వేరు. పుస్తకంలో ప్రతి వాక్యమూ ఆ భాష మాట్లాడే జనం వాడుకలోంచి వచ్చినదే. దాన్ని చదివేవాడు జనానికి దూరంగా ఉన్నాడేమో గాని వాళ్ళ ఒప్పందానికి దూరంగా లేడు.

గెంపకూ ర్యోతకూ పండితులు, ఏమీ రానివాడికి 'తెలిసిన పదం' ఎక్కడిదని మరో ఆక్షేపణ రావచ్చు. తెలుగువాడికి ఈ భయం అంతగా అక్కర్లేదు. జపనీస్ అక్షరాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. ఇది మన వర్ణమాల వరసే. బౌద్ధంతో పాటు వెళ్ళిన సంస్కృత వర్ణక్రమం, సిద్ధం లిపి చదువు దీనికి మూలం. తొమ్మిదో శతాబ్దం మొదట్లో చైనా నుంచి తిరిగొచ్చిన కూకై లాంటి భిక్షువులు ఆ చదువును అక్కడ పాదుకొల్పారు. క్రియ చివర రావడం, విభక్తి నామం వెనక చేరడం, 'తబెతె మిరు' అంటే అచ్చంగా 'తిని చూడు' కావడం కూడా మనకు కలిసొచ్చేవే. అక్కకూ అకకూ తేడా వినగలిగే చెవికి 'కితె', 'కిత్తె' కష్టం కాదు. ఈ చుట్టరికంలో ఒక ప్రమాదమూ ఉంది. తేడా ఉన్నచోట మనసు జాగ్రత్తగా ఉంటుంది, పోలిక ఉన్నచోట నిద్రపోతుంది. 'లో' దగ్గర జరిగింది అదే.

ఇంతవరకూ చెప్పినదానికి అసలైన ప్రత్యర్థి ఇంకా రాలేదు. ఆయన జపాన్‌వాడే, సోతో జెన్ సంప్రదాయాన్ని స్థాపించిన దోగెన్. నిజమైన గురువు దొరక్కపోతే అసలు చదవకపోవడమే నయమని 1234 నాటి గ్రంథంలో నిక్కచ్చిగా చెప్పాడు. ఆయనకు ముందు తరంలో దైనిచి నోనిన్ అనే భిక్షువు ఉండేవాడు. గ్రంథాలు చదివి, తనంతట తాను ధ్యానం చేసి బోధ పొందానన్నాడు, శిష్యులను చేర్చుకున్నాడు. గురుపరంపర లేదని చుట్టూ ఉన్నవాళ్ళు వేలెత్తి చూపితే 1189లో ఇద్దరు శిష్యులను చైనాకు పంపి, అక్కడి గురువుకు తన అనుభవం రాసి, ధ్రువపత్రం తెప్పించుకున్నాడు. ఉత్తరాల మీద గురుత్వం నడవదని విమర్శకులు అప్పుడూ ఊరుకోలేదు. దోగెన్ పట్టుదల వెనక ఈ చరిత్ర ఉంది, ఆయన విషయంలో అది న్యాయమైనదే అనుకుంటాను. బోధ కలిగిందని ఒకడు అనుకుంటే దాన్ని కొట్టేసే రెండో వాక్యం ఎక్కడుంది? అది పుస్తకంలో లేదు, లోకంలో లేదు, అతని లోపలే ఉంది. అక్కడ స్వాత్మని క్రియావిరోధం పూర్తి బలంతో పనిచేస్తుంది. కాబట్టి ఎదురుగా మరో మనిషి కావాలి. భాష అలాంటిది కాదు. దాని ఒప్పూ తప్పూ బయటే ఉన్నాయి. దోగెన్ నియమాన్ని మోక్షం నుంచి తెచ్చి విభక్తి ప్రత్యయాలకు తగిలించడం, గురుభక్తి పేరిట మనం తరచు చేసే పొరపాటు. ఇంకో మాట. దోగెన్ తర్వాత ఎయ్‌హెయ్‌జి మఠానికి అధిపతి అయిన ఎజో, గురువు లేడని అందరూ ఎగతాళి చేసిన ఆ నోనిన్ శాఖలోంచి వచ్చినవాడే.

మన ఛాందోగ్యంలో సత్యకాముడి కథను గురువు కావాలనడానికి సాక్ష్యంగా చెబుతుంటారు. పూర్తిగా చదివితే ఆ సాక్ష్యం రెండువైపులా మాట్లాడుతుంది. గురువు అతనికి నాలుగు వందల బక్క ఆవుల్ని అప్పగించి పంపాడు, పాఠం చెప్పలేదు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగిరానన్నాడు శిష్యుడు. దారిలో ఎద్దు ఒక పాదం చెప్పింది, అగ్ని ఒకటి, హంస ఒకటి, నీటికోడి ఒకటి. నాలుగు పాదాలూ పూర్తయ్యాయి. తిరిగొచ్చాక గురువు అతని ముఖం చూసి, నీకు ఎవరు చెప్పారని అడిగాడు. మనుషులు కారన్నాడు శిష్యుడు, అయినా ఆచార్యుడి ద్వారా వచ్చిన విద్యే సార్థకమని విన్నాను కాబట్టి మీరే చెప్పండన్నాడు. గురువు చెప్పింది సరిగ్గా అదే, అందులో దేన్నీ వదల్లేదు. నైయాయికులు కోరే రుజువు ఆ పునశ్చరణలో సత్యకాముడికి దొరికింది. అది అవసరం లేదనను. అది నేర్చుకోవడానికి ముందు షరతు అని మాత్రం ఆ కథ అనలేదు.

యంత్రాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. ఏ వాక్యం రాసినా క్షణంలో దిద్దిపెట్టే సాధనాలు వచ్చాయి, ఇంక గురువు ప్రశ్నే లేదనేవాళ్ళున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడంటే యథార్థం చెప్పేవాడన్నాడు. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు అంతకు ఎంతో ముందే అన్నాడు. కాబట్టి మనిషి కాదన్న కారణంతో యంత్రాన్ని తోసిపుచ్చను. ఒప్పు చెప్పేటప్పుడు ఏ గొంతుతో చెబుతుందో తప్పు చెప్పేటప్పుడూ అదే గొంతుతో చెబుతుంది, నా అభ్యంతరం అది. ర్యోతకు వలయం గీసి ఆగినచోట అది ఆగదు. దాని జవాబును ఇంకో ఊహగా తీసుకుని, రెండు మంచి వాక్యాల పక్కన పెట్టి చూడాల్సింది మళ్ళీ చదివేవాడే.

వాక్యాలు పట్టించలేని తప్పు ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇవ్వడం అన్నదానికి జపనీస్‌లో క్రియ ఒక్కటి కాదు. నావైపు నుంచి బయటికి ఇస్తే 'అగెరు', బయటి నుంచి నావైపు ఇస్తే 'కురెరు', పుచ్చుకుంటే 'మొరావు', ఎదుటివారు పెద్దవారైతే వీటికి వేరే రూపాలు. నావైపు, బయటివైపు అన్న గీత ఎక్కడుందో మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి జరుగుతుంటుంది. బయటి కంపెనీ నుంచి ఫోన్ వస్తే మనం "మా డైరెక్టరుగారు లేరండీ" అంటాం. అక్కడి ఉద్యోగి అదే సందర్భంలో తన డైరెక్టరు పేరుకు 'సాన్' తగిలించడు, ఆయన పనిని వినయక్రియతో తగ్గించి చెబుతాడు, ఎందుకంటే బయటివాడి ముందు డైరెక్టరు తనవాడు. సూత్రం పుస్తకంలో ఉంది. ఫలానా సాయంత్రం, ఫలానా మనిషి ముందు గీత ఎక్కడ పడిందో పుస్తకం చెప్పదు. ఆ తప్పుతో పేచీ పెట్టుకునే రెండో వాక్యం ఏ పేజీలోనూ రాదు, ఎదుటివారి మనసులో వస్తుంది, అక్కడే ఉండిపోతుంది. 1984లో మొదలైన జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఏ మెట్టులోనూ మాట్లాడించి చూసే భాగం లేదు. ఒంటరి చదువుతో పై మెట్టు దాటినవాడు తన మాట ఎదుటివారికి ఎలా తగులుతోందో తెలియకుండానే ఉండిపోగలడు.

అయితే దీంతో గురుపక్షం గెలిచిందా అంటే అదీ లేదు. జపాన్ మనిషి పక్కనున్నంత మాత్రాన దిద్దుబాటు రాదు. కొత్తగా మాట్లాడేవాడు రెండు వాక్యాలు తడబడుతూ అన్నా వినేవాళ్ళు "మీ జపనీస్ చాలా బాగుంది" అంటారు. మర్యాద తప్పును దాచేస్తుంది. తరగతిలో ఇరవైమంది మధ్య కూర్చున్నవాడి పరిస్థితి కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు. తప్పు పట్టమని అడిగితేనే ఎవరైనా పడతారు, ఒకసారి అడిగితే మొహమాటపడతారు, రెండోసారి అడగాలి. అడిగే వాక్యం 'మచిగత్తె ఇతర, నవోషితె కుదసాయ్', తప్పుంటే దిద్దండి అని. అందులోని షరతు రూపం మిన్నా నో నిహోంగో మొదటి భాగంలో చివరిదైన ఇరవై అయిదో పాఠం దాకా రాదు. ఒంటరిగా చదివేవాడు అంతదాకా ఆగనక్కర్లేదు. వ్యాకరణం ప్రస్తుతానికి అర్థం కాకపోయినా మొదటి వారంలోనే దాన్ని కంఠస్థం చేసి పెట్టుకోవచ్చు.